అడుగు మెతుకులు

సైనికుడు ఎడమ చేయి కదపడం లేదని మొదట కనిపెట్టింది నా కూతురు కాదు. ఆమెతో చదివే ఫణి. అతనిది భీమవరం. వీడియో గేములు తయారుచేసే చదువు వాళ్లది. ఆఖరి ఏడాదిలో ఒక్కొక్కరూ ఒక ఆట తయారుచేసి కంపెనీల వాళ్ల ముందు చూపాలి. ఫణి యుద్ధం ఆట చేశాడు. మంచు కొండ, కాపలా గుడిసె, అందులో ఒక సైనికుడు.

ఆ సైనికుడు తుపాకీని ఒక్క కుడిచేత్తోనే ఎత్తడం మొదలుపెట్టాడు. ఎడమ చేతిని పక్కకు చాచి, అరచేయి పైకి తిప్పి, కదపకుండా ఉంచుతున్నాడు. నడిచినా, పరిగెత్తినా, ఆ చేయి అలాగే ఉంటుంది. ఫణి బొమ్మలో తప్పనుకుని సరిచేశాడు. మరునాడు చూస్తే చేయి మళ్లీ చాచి ఉంది.

తర్వాత ఆ సైనికుడు ఆఖరి తూటా పేల్చడం మానేశాడు. శత్రువులు మీదికొచ్చి పొడుస్తున్నా పేల్చడు. ఆ ఒక్క తూటా మిగుల్చుకుని, తుపాకీ పక్కన పెట్టి, గుడిసె గుమ్మంలో కూర్చుని బయటికి చూస్తాడు. గుమ్మంలో కూర్చోవడం అతనికి ఎవరూ నేర్పలేదు.

అక్కడితో ఆగలేదు. ఇంకో అమ్మాయి చేసిన కారు పందెంలో కార్లన్నీ గెలుపు గీతకు మూరెడు ముందు ఆగిపోయాయి. నడిపేవాళ్లందరూ స్టీరింగును ఒంటిచేత్తో పట్టుకున్నారు. చిన్నపిల్లల కోసం చేసిన తోట ఆటలో కోతి అన్ని పండ్లూ తెంపి ఆఖరి పండు ముట్టలేదు. తరగతి మొత్తంలో ఒక్క ఆటా ముగియడం లేదు.

నా కూతురు రవళి ఒక్కో తెర ముందూ నిలబడి చూసింది. ఆ చేయి ఎవరిదో ఆమెకు తెలుసు. మరునాడు బస్సెక్కి మోత్కూరు, మా ఇంటికి వచ్చింది.

నేను ఏడో తరగతి దాకా మా ఊరి బడిలో చదివాను. ఆ తర్వాత బోరు బండి. ముప్పై ఏళ్లు నేలకు బొక్కలు పొడిచి బతికాను. నా పేరు బుచ్చిరాములు. నా భార్య అండాలు పోయిన ఎండాకాలం చనిపోయింది. మూత్రపిండాలు రెండూ పాడైతే ఏడాదిపాటు డయాలసిస్ చేశారు. ఎడమ చేతిలో రెండు సూదులు గుచ్చి, నాలుగు గంటలు యంత్రానికి కట్టేసేవాళ్లు. ఆ చేయి కదపకూడదు. లోపలికి ఒక్కరినే రానిస్తారు. కూతురు పోయేది, ట్యాబ్ పట్టుకుని. నేను బయట బెంచీ మీద కూర్చునేవాణ్ణి. తల్లీకూతుళ్లు సీరియల్ చూస్తున్నారనుకున్నాను.

రవళి వచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. చెప్పులు విడిచి వంటింటి గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఆగమైంది నాయినా," అంది.

"పరీక్ష తప్పినవా?"

"నేనొక్కదాన్నే కాదు. అందరం తప్పేటట్టున్నం."

"బొమ్మలాటకు తప్పుడు గూడ ఉంటదా?"

ఆ మాటకు ఎప్పుడూ పోట్లాడేది. ఈసారి పోట్లాడలేదు. అప్పుడు నాకు సంగతి పెద్దదని అర్థమైంది.

"అమ్మతోని ఆడిపిచ్చిన," అంది. "ఆస్పత్రిల. నేను చేసిన ఆట."

"సీరియల్ గాదా?"

"కాదు."

మంట తగ్గించాను. చెప్పమన్నాను. చెప్పింది.

వాళ్ల మేడం వసుంధర ఒకటి కనిపెట్టింది. దాని పేరు వాలకం. మనిషి ముఖంతో, గొంతుతో దానికి పని లేదు. చేతిలో కంట్రోలర్ పెట్టుకుని మనిషి ఆడుతుంటే, ఏ పని ముందు చేస్తుంది, ఎక్కడ ఆగుతుంది, దేనికి జంకుతుంది, ఏది పట్టుకుని ఏది వదిలేస్తుంది అన్నది చూసి నేర్చుకుంటుంది. నేర్చుకున్నదాన్ని ఆటల్లోని బొమ్మలకు పోస్తుంది. అప్పుడు బొమ్మలు మనుషుల్లాగా మెసులుతాయి. తరగతిలో అందరి ఆటలకూ అదొక్కటే ఊట.

"ఎవరి వాలకం నేర్చుకుంటది?"

"ఆడినోళ్లందరిది. కలిపి. గని నాయినా, మిగిలినోళ్లు అరగంట ఆడి పోయిండ్రు. అమ్మ వారానికి మూడుపాలి నాలుగేసి గంటలు ఆడింది. ఒంటి చేత్తోని."

"ఆమెకు చెప్పినవా, ఎందుకు ఆడుతున్నదో?"

"చెప్పిన. నవ్వింది. నా చెయ్యి కాలేజీల సదువుతదా అన్నది."

"నాకెందుకు చెప్పలే?"

"ఒద్దంటవని."

"అంటుంటి."

"అందుకే చెప్పలే."

నేను దాన్ని మన్నించలేదు. ఇప్పటికీ మన్నించలేదు. ఆ ఏడాది అండాలు చేయి చేసిన పనులన్నీ తీసుకుపోయి ఒక కాలేజీ గదిలో పోసింది. నేను తలుపు ఇవతల బెంచీ మీద కూర్చుని గోడ చూశాను. నాకు మిగిలినవి ఆమె చీరలు. చీరలకు వాలకం ఉండదు.

అన్నం వార్చి పక్కన పెట్టాను. రవళి గిన్నె వైపు చూస్తూ ఉంది.

"ఏం ఆట అది?" అని అడిగాను.

"ఇల్లు. అన్నం వండాలె. వచ్చినోళ్లకల్లా పెట్టాలె. గిన్నె అడుగు ఊడ్చినంక పొద్దు గూకుతది. ఆట అయిపోతది. ఆట అయిపోతే ఆ మనిషి వాలకాన్ని మూట కట్టి పక్కన పెడతది. అవ్వకపోతే ఆ మనిషి ఇంకా ఆడుతున్నట్టే లెక్క. ఆమె ఎట్ల చేస్తే అందరు అట్ల చేస్తరు."

నాకు నవ్వు వచ్చింది. మంచి నవ్వు కాదు.

"గిన్నె ఊడుస్తే అయిపోతదని పెట్టినవా? ఏ ఇంట్ల పుట్టినవే నువ్వు?"

తల వంచుకుంది.

మా ఇంట్లో రాత్రి అన్నం గిన్నె అడుగు ఊడ్చరు. మా అమ్మ ఊడ్చలేదు. అండాలు అమ్మ ఊడ్చలేదు. ఒక్క పిడికెడు ఉంచి మూత పెట్టాలి. ఇల్లన్నాక ఉండాలి అంటారు. బోరు బండి మీద పనిచేసేవాడు ఏ వేళకు వస్తాడో వాడికే తెలియదు. రాయి తగిలితే రెండు రోజులు ఎక్కువ పడుతుంది. అండాలు ఆ పిడికెడు ఉంచి, నేను తినే కంచాన్ని, నా తలెను, బోర్లించి గోడ పక్కన నా చోటులో పెట్టేది. ఇది కొత్త సంగతి కాదు. మా ఇంట్లో తిన్నవాళ్లందరికీ తెలిసిందే.

"ఇరవై ఏండ్లు ఇదే ఇంట్ల తిన్నవ్ గద," అన్నాను.

"నేను ముందుగాల తినేదాన్ని నాయినా. అడుగు ఎన్నడు చూడలే."

అన్నం పెట్టాను. తిన్నాం.

తిన్నాక ఇంకా చెప్పింది. ఆటను ముగించడానికి అందరూ ప్రయత్నించారు. రవళి ఆడింది. ఫణి ఆడాడు. మేడం ఆడింది. లోపల అండాలు నీడ అందరికీ అన్నం పెడుతుంది. పిడికెడు మిగిలాక గిన్నెకు మూత పెడుతుంది. ఇంకా పెట్టమని బతిమాలినా, మారాం చేసినా పెట్టదు. తలె బోర్లించి గుమ్మంలో కూర్చుంటుంది. చివరికి మేడం ఆట లోపలి లెక్కల్లోకి పోయి గిన్నెలో అన్నాన్ని సున్నా చేసేసింది.

"అప్పుడు?"

"ఇంట్ల నుంచి బయటికి నడిచింది. బయట ఏం లేదు నాయినా. మేము గీయలే. ఇల్లు గీసినం, వాకిలి గీసినం, అంతే. వాకిలి దాటితే ఉత్త నలుపు. ఆ నలుపులకు పోయింది. ఇంత సేపటికి వచ్చింది. కొంగుల బియ్యం పట్టుకొచ్చింది."

"యాడికెళ్లి?"

"ఏమో. పక్కింట్ల అడుక్కొచ్చినట్టు వచ్చింది. పక్కిల్లు లేదు ఆడ."

వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు.

"ఇప్పుడు రెండే తొవ్వలు," అంది రవళి. "వాలకాన్ని మొత్తం తుడిచెయ్యాలె. తుడిస్తే అందరి ఆటలు పోతయి, రెండేండ్ల పని పోతది, అమ్మ గూడ అసలు లేనట్టే పోతది. లేకపోతే ఎవరన్న ఆ పిడికెడు తినాలె. తింటే అయిపోతది. మూట కట్టుకుంటది. మళ్ల ఆడదు గని, ఉంటది."

"తుడువుండ్రి."

"నాయినా."

"చచ్చిపోయిన మనిషితోని బువ్వ వండిపిచ్చుకుంట కూసున్నరు. తుడువుండ్రి అంటున్న."

అది ఏడవలేదు. ఏడిస్తే నేను లేచి బయటికి పోతానని దానికి తెలుసు. ఫోను తీసి నా ముందు పెట్టింది. తెరలో మట్టి గోడల ఇల్లు. ఒక ఆడమనిషి వీపు కనబడుతోంది. ఎడమ చేయి పక్కకు చాచి ఉంది. కుడిచేత్తో తలె బోర్లించి పెడుతోంది. గోడ పక్కన, తలుపు తెరిస్తే తగలని చోట. పెట్టి, రెండు వేళ్లతో ఇంకొంచెం గోడకు జరిపింది.

అలా జరపడం నేను చాలాసార్లు చూశాను.

"ఎవరన్న చెప్పిండ్రా ఆడ పెట్టుమని?"

"ఎవరు చెప్పలే. ఆ తలె గూడ మేము గీయలే."

ఫోను దానికిచ్చాను.

"ఎప్పుడు పోవాలె?" అన్నాను.

కాలేజీ పట్నం బయట ఉంది. అద్దాల మేడ. ల్యాబ్‌లో పగలు కూడా తెరలు దించి చీకటిగా ఉంచుతారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పోయాం. పిల్లలందరూ గోడల వెంబడి నిలబడి ఉన్నారు. నన్ను చూసి కొందరు తల దించుకున్నారు. కొందరు రవళి వైపు కోపంగా చూశారు. వాళ్ల బతుకులు మా ఇంటి అన్నం గిన్నెలో ఇరుక్కున్నాయి. ఆ కోపం న్యాయమైనదే.

ఫణి కుర్చీ లాగాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు.

"కూర్చోండి అంకుల్. మా సోల్జర్ మీకోసమే ఎదురుచూస్తున్నాడండి. వారం నుంచీ ఒక్కణ్ణీ చంపలేదు. సన్యాసం పుచ్చుకున్నాడు."

"ఫణీ," అంది మేడం.

"టెన్షన్ మేడం. నోరు దానంతటదే వాగేస్తోంది."

వసుంధర మేడం నాకంటే పదేళ్లు చిన్నది. చేతులు కట్టుకుని నిలబడింది. "మీకు ఇబ్బంది కలిగించాం. క్షమించండి," అంది.

"క్షమించుడు నాతోని కాదు. ఏం నొక్కాలో చెప్పుండ్రి."

ఆమె ముఖం మాడింది. అయినా చెప్పింది. కంట్రోలర్ నా చేతిలో పెట్టింది. బొటనవేలి కింద చిన్న పుల్లలాంటిది ఉంది. దాన్ని తోస్తే నా మనిషి నడుస్తాడు. ఒక మీట నొక్కితే కూర్చుంటాడు. ఇంకోటి నొక్కితే తింటాడు. మూడోది చేయి కడుక్కుని లేవడానికి.

తెర వెలిగింది.

ఆమె పొయ్యి ముందు ఉంది. ముఖం అండాలుది కాదు. పిల్లలు ఎక్కడో తెచ్చి అతికించిన ముఖం. నున్నగా, వయసు లేకుండా ఉంది. అది నాకు తేలికే అనిపించింది. కానీ ఆమె గరిటెతో ఒక మెతుకు తీసి, వేళ్ల మధ్య నలిపి చూసి, ఆ వేళ్లను పొయ్యి అంచుకు రాసింది. మా పొయ్యి అంచుకు ఎప్పుడూ తెల్లటి గీతలు ఉండేవి. నేను తిట్టేవాణ్ణి. ఆమె మరునాడు మళ్లీ రాసేది.

నా మనిషి వాకిట్లో నిలబడ్డాడు. పుల్లను ముందుకు తోశాను. నడిచాడు. గుమ్మం దగ్గరికి వచ్చాడు. అక్కడ నా బొటనవేలు ఆగిపోయింది.

"లోపలికి తొయ్యండి అంకుల్," అన్నాడు ఫణి. "గుమ్మానికి అడ్డేం లేదండి. మేమంతా దూరిపోయాం."

నేను తొయ్యలేదు. పని నుంచి వస్తే నా ఒళ్లంతా రాతి పిండి ఉండేది. వెంట్రుకలు, కనుబొమలు తెల్లగా అయిపోయేవి. అలా లోపలికి రానిచ్చేది కాదు. గుమ్మం బయట నిలబడాలి. పిలవడం కూడా నాకు అలవాటు లేదు. ఊరికే నిలబడేవాణ్ణి. ఆమెకు తెలిసేది.

తెరలో ఆమె గరిటె కింద పెట్టింది.

లేచింది. నిలబడి, గుమ్మం వైపు తిరిగింది. వారం నుంచి ఎవరు వచ్చినా, వాళ్లకు ఎదురు రావడానికి ఆమె పొయ్యి దగ్గరి నుంచి లేవలేదని తర్వాత తెలిసింది. మూలకు పోయింది. కుడిచేత్తో చెంబు పట్టుకుని వచ్చింది. గుమ్మం ఇవతల నా కాళ్ల ముందు పెట్టింది. పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది, దుమ్ము మీద పడకుండా.



"చెంబు..." అని ఆగిపోయాడు ఫణి. అతని గొంతులో వేళాకోళం లేదు. "చెంబు ఎవరు చేశారు?"

ఎవరూ చెయ్యలేదు.

"అందరు బయటికి నడువుండ్రి," అన్నాను.

"మేము రికార్డు చూడాలి కదండీ," అంది మేడం.

"నేను తినేటప్పుడు ఎవరు సూడొద్దు."

రవళి ముందుగా కదిలింది. మిగతావాళ్లను పక్క గదిలోకి తోలుకుపోయింది. వెళ్తూ నా భుజం మీద చేయి వెయ్యబోయింది. వెయ్యలేదు. తలుపు మూసుకుంది.

కాళ్లు కడిగాను. లోపలికి పోయాను. గోడ పక్కన కూర్చున్నాను. ఏ మీట నొక్కానో గుర్తు లేదు.

ఆమె తలె వెల్లకిలా తిప్పి, కొంగుతో తుడిచింది. గిన్నె మూత తీసింది. గిన్నెను ఒంచాలంటే రెండు చేతులు కావాలి. ఎడమ చేయి అలాగే చాచి ఉంది, అరచేయి పైకి. మోకాలితో గిన్నెను గోడకు అదిమి పట్టి, కుడిచేత్తో గరిటె తిప్పింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజుల్లో అలాగే చేసేది. నేను పట్టుకుంటానంటే పట్టుకోనిచ్చేది కాదు.

అన్నం పడింది. పిడికెడే.

ఆ తర్వాత గరిటె గిన్నె అడుగును గీరింది. ఆ చప్పుడు నేను ఎన్నడూ వినలేదు. పెళ్లయినప్పటి నుంచి ఆమె చేత ఆ చప్పుడు రాలేదు. ఇనుము మీద ఇనుము, బోరులో రాయి తగిలినట్టు, పంటి నరాల్లోకి పోయే చప్పుడు. ఒకసారి. ఇంకోసారి. అడుగున ఒక్క మెతుకు లేకుండా గీరింది.

పక్క గదిలో తుపాకీ పేలింది. ఒక్కటే దెబ్బ. వెంటనే కార్లు గీత దాటిన హోరు, పిల్లల కేకలు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఎవరో ఊరుకోమన్నారు.

నేను తిన్నాను.

ఆమె నన్ను చూడలేదు. ఎప్పుడూ చూసేది కాదు. నేను తింటుంటే పొయ్యి వైపు తిరిగి ఏదో ఒకటి సర్దేది. ఇప్పుడు గిన్నె కడిగింది. నీళ్లు వాకిట్లోకి చల్లింది. గిన్నెను గోడకు బోర్లించింది. ఆ ఇంట్లో అన్నం గిన్నె బోర్లించి ఉండటం నేను మొదటిసారి చూశాను. చాచిన ఎడమ చేతిని మెల్లగా దగ్గరికి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. కుడిచేత్తో దాన్ని ఒకసారి నిమిరింది.

పొద్దు గూకింది. పిల్లలు గీసిన పొద్దు, నారింజ రంగు ఎక్కువగా పోశారు. వెలుగు వాకిలి మీద నుంచి గుమ్మం మీదికి, గుమ్మం మీద నుంచి పొయ్యి మీదికి తగ్గుతూ వచ్చింది. పొయ్యి దగ్గర ఎవరూ లేరు. ఆమె తలుపులో నుంచి పోవడం నేను చూడలేదు.

లేచాను. కంట్రోలర్ బల్ల మీద పెట్టి తలుపు తీశాను.

పక్క గదిలో రవళి ఒక్కతే ఉంది. మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుంది. మిగతావాళ్లు లేరు. నడవలో దీపాలు వెలిగాయి. ఊడ్చే మనిషి చీపురు గోడకు ఆనించి నిలబడి నన్ను వింతగా చూసింది.

"వీళ్లంత యాడికి పోయిండ్రు?" అన్నాను.

రవళి నన్ను చూసింది. ఏదో అనబోయి మానుకుంది.

"పోయిండ్రు నాయినా," అంది. "బస్సు ఉందో లేదో చూద్దాం పా."

చలికాలం పొద్దులు పొట్టివి అనుకుని నడిచాను.

వారం తిరిగేలోగా కంపెనీల వాళ్లు వచ్చారు. ఆటలన్నీ బాగా ఆడాయట. సైనికుడు రెండు చేతులతో తుపాకీ పట్టుకుని ఉన్న తూటాలన్నీ పేల్చాడు. కోతి ఆఖరి పండు తిని తొక్క కూడా విసిరింది. ఫణికి బెంగళూరులో పని దొరికింది. నాకు ఫోన్ చేశాడు.

"అంకుల్, మీరు తిన్న ఆ పిడికెడు మాకు పెద్ద పండగ భోజనం అయిందండి."

"మంచిగ బతుకు," అన్నాను. అంతకంటే నాకు రాదు.

రవళి కూడా నెగ్గింది. మేడం ఆమెను తన దగ్గరే పనిలోకి తీసుకుంది. అండాలు వాలకాన్ని మూట కట్టి భద్రంగా పెట్టామని చెప్పింది. ఎందుకని నేను అడగలేదు. అటక మీద పెట్టిన వస్తువులు ఎందుకూ పనికిరావు, పారేయడానికీ చేతులు రావు. అంతే.

నెల దాటాక ఒక సాయంత్రం రవళి ఫోన్ చేసింది. నేను అన్నం తింటున్నాను. ఎడమ చేత్తో ఫోను ఎత్తాను.

"తింటున్నవా నాయినా?"

"ఆఁ. చెప్పు."

"ఒకటి అడుగుత. కోపం చెయ్యకు."

"చెప్పు."

"ఆ దినం నువ్వు తిన్నంక వెంటనే లేచినవా?"

"లేచిన. ఎందుకు?"

వెనక కంప్యూటర్ల హోరు వినబడింది.

"ఆటలల్ల మళ్ల ఒకటి మొదలైంది. పాడు గాలే. ఆటలు మంచిగనే అయిపోతున్నయి. అయిపోయినంకనే. గెలిచినోడు, ఓడినోడు, అందరు కింద కూసుంటున్నరు. లేస్తలేరు. ఫణి వాళ్ల సైనికుడు మంచుల కూసుంటుండు. కారు నడిపేటోళ్లు కారు దిగి రోడ్డు మీద కూసుంటున్నరు. కోతి గూడ."

"కూసొని?"

"ఊకెనే. కుడి చెయ్యి ఇట్ల ముందట పెట్టుకొని. దేనికి తాకియ్యకుంట. ఎంగిలి చెయ్యి పెట్టుకున్నట్టు. మేడంకు సమజైతలేదు. చేతిల ఏమన్న ఉందా అని దగ్గరికి తెచ్చి చూసింది. ఏం లేదు."

ఫోను చెవికి ఇంకొంచెం అదుముకున్నాను.

"నాయినా, నువ్వు మూడో మీట నొక్కలే. లేచే మీట. కంట్రోలర్ బల్ల మీద పెట్టి వచ్చినవ్ గని, లోపల నువ్వు లేవలే. తలె ముందటనే ఉన్నవ్. నీ ఆట అయిపోలే."

"యంత్రం తప్పు సూపెడుతుండొచ్చు."

"ఆ దినం అందరు నీకోసం ఆగిండ్రు. తలుపు కొడ్దామన్నరు. నేనే ఒద్దన్న. పొద్దు గూకినంక ఒక్కొక్కలు పోయిండ్రు."

"చలికాలం పొద్దు. జల్దీ గూకుతది."

"అవు," అంది. "ఒక్కపాలి వస్తవా నాయినా? ఆ మీట నొక్కి పోదువు."

"నువ్వు నొక్కు."

"నేను నొక్కితే లేస్తలేడు. అందరం నొక్కినం."

"నేను రాను."

"మరి ఎట్ల? గట్లనే కూసోనా?"

"కూసోనీ," అన్నాను. "ఎవరికి అడ్డమున్నడు."

ఇంకేదో అడిగింది. మందులు వేసుకుంటున్నానా అనో, నీళ్లు కాచుకుని తాగుతున్నానా అనో. ఊఁ అన్నాను. పెట్టేసింది.

నేను తిన్నాక అలా కూర్చుంటే అండాలు పొయ్యి వైపు నుంచి తిరగకుండానే అనేది, చెయ్యి ఎండవెట్టకు, లేచి కడుక్కో అని. ఆ మాట ఆమె ఆటలో అనలేదు. ఆటలో బొమ్మలకు మాటలు పెట్టలేదు. ఇప్పుడు ఆమె గిన్నె బోర్లించి పోయింది. ఆటలోని ఆ ఇంట్లో నా మనిషిని లేపేవాళ్లు ఎవరూ లేరు.

ఫోను పక్కన పెట్టి చూసుకున్నాను. వంటింట్లో వెలుగు తగ్గింది. తలె ఖాళీగా ఉంది. నా కుడిచేయి తలె మీద అలాగే ఉంది, దేనికీ తగలకుండా. వేళ్లకు అంటిన మెతుకులు ఎండి గట్టిపడి ఉన్నాయి.